సొరుగులో లేని కెనరీ

ఉద్యోగం ముగించినవాళ్ళు రాసే అనుభవాల్లో శాలువా, దండ, వీడ్కోలు సభ ఉంటాయి. నాకు అవేవీ జరగలేదు. మా మ్యూజియం గదిని కంప్యూటర్ ల్యాబుగా మార్చాలని నిర్ణయించిన ఏడాది నా పోస్టు కూడా పోయింది. అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళు. ఆ వయసులో "నేను రిటైరయ్యాను" అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ పని ఇంకెక్కడా లేదు, నేను వేరే పనికి పోలేదు కాబట్టి నా వరకు అది విరమణే. ఈమధ్య ఒక అమ్మాయి వేరే ఊరి మ్యూజియంలో అలాంటి పనికే చేరబోతూ, ఆ ఉద్యోగంలో ఏముంటుందని అడిగింది. ఎదురుగా కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. అందుకే పాత డైరీలు ముందేసుకుని రాస్తున్నాను.

పని ఏమిటంటే

తిరుపతిలో ఒక కాలేజీలో, జంతుశాస్త్ర విభాగం వెనక, సైకిల్ స్టాండును ఆనుకుని ఒక పొడుగాటి గది ఉండేది. గోడల వెంబడి చెక్క బీరువాలు. బీరువాల్లో సొరుగులు, సొరుగుల్లో పిట్టలు. చనిపోయిన పిట్ట వస్తే చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, బోరాక్స్ పొడి పట్టించి, లోపల దూది పెట్టి కుట్టి, కాలికి చీటీ కట్టి, తన జాతివాళ్ళ పక్కన వెల్లకిలా పడుకోబెట్టాలి. కలరా ఉండలు కరిగిపోతే కొత్తవి వేయాలి. పురుగు పడితే కనిపెట్టాలి. ఇదీ నా ఉద్యోగం.

మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేదని చేరాను. మా అమ్మకు మాత్రం అది తలవంపుగా ఉండేది. "ఎవరన్నా అడిగితే ఏం సెప్పేది మే? మా పాప సచ్చిన పిట్టల కడుపులో దూది కూరతాదని సెప్పేదా?" అనేది. "కాలేజీలో పని అని చెప్పు" అనేదాన్ని. "అట్నే సెప్తాండా. వాసన పట్టేస్తారే!" అనేది. కలరా ఉండల వాసన నా జడలో కూడా ఉండేది మరి.

చేరబోయే వాళ్ళకు ఒక మాట. చర్మం ఒలవడం ఆరు నెలల్లో వస్తుంది. చేతులు వణకడం ఆగిపోతుంది. కష్టం అది కాదు. ఒక పిట్టను చూసి "ఇది ఫలానా" అని చెప్పిన తర్వాత ఆ మాట గది దాటి ఎక్కడికి పోతుందో మనకు తెలియదు. కష్టమంతా అందులో ఉంది.

ఫించ్ అనే ఒక్క మాట

బజారులో చిన్న ముక్కు పిట్ట ఏదైనా ఫించే. ఎర్ర ముక్కు జీబ్రా ఫించ్ ఒక ఫించ్, చెరువు గట్టు గడ్డిలో గింజలు ఏరుకునే జీనువాయి, అదే మునియా, ఒక ఫించ్, మద్రాసు నుంచి బుట్టల్లో వచ్చే కెనరీ కూడా ఒక ఫించ్. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకుని, ఒకసారి వాటినన్నిటినీ ఒకే సొరుగులో సర్దాను.

మా పై అధికారి చెంగల్రాయులు సారు ఆ సొరుగు లాగి చూసి కోప్పడలేదు. "పెళ్ళి పందిట్లో అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టావమ్మా. వీళ్ళకూ వాళ్ళకూ చుట్టరికం లేదు" అన్నారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని విడదీసి చూపించారు. గింజలు ఒలుచుకు తినాలి గనుక అందరికీ ముక్కు పొట్టిగా, బలంగా ఉంటుంది. ముక్కు చూసి మోసపోకూడదు, ఇల్లు చూడమనేవారు. జీనువాయిలు, జీబ్రా ఫించులు ఒక కుటుంబం. అవి గడ్డితో బంతిలాంటి గూడు అల్లి పక్కన దారి పెడతాయి. వాటి పిల్లలు నోరు తెరిస్తే అంగిట్లో చుక్కలు కనిపిస్తాయి. కెనరీ వేరే వంశం. అది దొప్పలాంటి గూడు కడుతుంది. అంగిట్లో చుక్కలుండవు. దాని అసలు బంధువు మన దగ్గర ఎవరంటే, చలికాలంలో ఉత్తరపు కొండల నుంచి మన అడవులకొచ్చి ఎండలు ముదరకముందే వెళ్ళిపోయే రోజ్‌ఫించ్. దాని మగది గులాబి రంగు. ఆడది మట్టి రంగు మీద గీతలతో, ఎవరూ రెండోసారి చూడనట్టుగా ఉంటుంది.

ఆ సాయంత్రం నుంచి కెనరీల మీద నాకు ఇష్టం మొదలైంది. లైబ్రరీలో ఎవరూ ముట్టని పుస్తకాలు రెండు దొరికితే ఇంటికి తెచ్చుకుని చదివాను. అట్లాంటిక్ సముద్రంలోని దీవుల పిట్ట అది. అడవిలో ఉన్నప్పుడు పసుపుగా ఉండదు. ఆకుపచ్చలో బూడిద కలిపినట్టుండి, వీపు మీద నల్లటి గీతలు, నడుము మీద పసుపు ఛాయ ఉంటాయి. మనుషులు పంజరంలో పెట్టి కొన్ని వందల ఏళ్ళు పెంచాక పసుపుది వచ్చింది. తర్వాత ఒకరు రంగు కోసం, ఒకరు ఒంటి తీరు కోసం, ఒకరు పాట కోసం పెంచుతూ పోయారు. తల మీద టోపీలా జుట్టున్నవి, ఈకలు మెలి తిరిగినవి, గూనితో నిలబడేవి, నోరు తెరవకుండా గొంతులోనే పాడేవి వచ్చాయి. ఎర్ర రంగు కావాలని దక్షిణ అమెరికాలోని ఇంకో చిన్న ఫించ్‌తో కలిపారు. జుట్టు పిట్టకు జుట్టు పిట్టనే జత కడితే గుడ్లలో కొన్ని పిల్లలు కాకుండానే పోతాయట. ఇన్ని రూపాలున్నా జాతి ఒక్కటే.

ఇదంతా సారుకు చెప్పాలని మనసులో వారం రోజులు వాక్యాలు కూర్చుకుని, చివరికి చెప్పాను. సారు విని నవ్వారు. "బాగుంది. కానీ పెంపుడు పిట్టలు మన పని కాదమ్మా. దేవుడు చేసినవాటికే మనకు సొరుగులు చాలడంలేదు. మనిషి చేసినవాటిని ఎక్కడ పెడతాం?" అన్నారు.

అందువల్ల మా గదిలో కెనరీ లేదు. ఒక్కటి కూడా.

సారు గురించి

సారు మంచివారని రాస్తే సరిపోదు. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్ళలో తెలియని పిట్టకు పేరు పెట్టడం నేను చూడలేదు. తెలియకపోతే చీటీ మీద ప్రశ్నార్థకం వేసేవారు. ఎండిన పిట్టను చేతిలోకి తీసుకుని ఈకలు ఊది, నడుము మీద రంగు చూసి పేరు చెప్పేవారు. ఆ ఊదడం నేనూ నేర్చుకున్నాను. ఆయన లోపం ఒకటే. ఆయనకు చచ్చిన పిట్టలు తెలిసినంతగా బతికినవి తెలియవు. బతికున్నదాన్ని పట్టుకోవాలంటే ఆయనకు భయం కాదు, జాలి.

ఆ జాలి వల్లే ఇప్పుడు చెప్పబోయేది జరిగింది. బడాయి వల్ల జరిగుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

రేంజరు తెచ్చిన పంజరం

మన అడవి పిట్టలను పట్టి అమ్మకూడదు, పెంచకూడదు. విదేశీ పిట్టలైతే పెంచుకోవచ్చు. అటవీశాఖవాళ్ళు ఎక్కడైనా పంజరాలు పట్టుకుంటే, అవి ఏ పిట్టలో రాసివ్వమని మా దగ్గరికి తెచ్చేవారు. మన పిట్టలని సారు రాస్తే అడవిలో వదిలేస్తారు, పెంచినవాడి మీద కేసు. కావని రాస్తే తిరిగి ఇచ్చేస్తారు.

ఆ మే నెలలో నేను గూడూరులో మా పిన్నమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళి, తిరిగొచ్చిన రోజు బల్ల తుడుస్తున్నాను. సారు క్లాసుకు వెళ్తూ, "నిన్న రేంజరు చిత్తూరు నుంచి పంజరం తెచ్చాడమ్మా. ఆడ రోజ్‌ఫించులు. ఈ ఎండలో ఇంకా పోకుండా ఉన్నాయంటే ఎవరో చలికాలంలోనే పట్టి ఉంచినట్టున్నారు, పాపం. నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. చేత్తో పడితే చచ్చిపోతాయని బయటినుంచే చూసి రాసిచ్చా" అన్నారు.

బల్ల కింద ఊడ్చుతుంటే ఒక చిన్న ఈక దొరికింది. నడుము మీది ఈక. అంచున పసుపు. రోజ్‌ఫించ్ ఆడపిట్ట సొరుగు తీసి పక్కన పెట్టి చూశాను. అన్నీ మట్టి రంగే. సొరుగులోవి పాతవి, రంగు వెలిసి ఉండొచ్చని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వెలిసిపోతే పసుపు పోతుందేమో గానీ, లేని చోట పసుపు రాదు. సారు క్లాసు అయ్యేవరకు ఆ ఈకను కాగితంలో మడిచి చేతిలో పట్టుకునే ఉన్నాను.

ఆయన వచ్చేలోపే దేవదానం అనే మనిషి వచ్చాడు.

టిఫిను డబ్బా

యాభై ఏళ్ళుంటాయి. మెడలో కొలత టేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టున్నాడు. చిత్తూరు బస్టాండు వెనకాల టైలరు షాపట. ఒక చేతిలో చిన్న పంజరం, అందులో పసుపు కెనరీ పుంజు. ఇంకో చేతిలో మూతకు చిల్లులు పొడిచిన టిఫిను డబ్బా.

"పిట్టల సారు ఈడనేనా మా?"

అవునన్నాను.

"నా పిట్టల్ని అడివివని రాసిచ్చినారంట. అవి అడివి యాడ జూసినాయి మా? నా మిషను కింద పుట్టినాయి. పసుపువాటిని వొదిలేసి ఆకు రంగువన్నీ ఎత్తకపోయినారు. గూట్లో కూసున్న తల్లిని గూడా తీసకపాయిరి. సూడు."

డబ్బా మూత తీశాడు. కొబ్బరి చిప్పలో రవికల దారం పోగులు, పీచు కలిపి కట్టిన దొప్ప గూడు. అందులో రెండు పిల్లలు. ఈకలు అప్పుడే మొలుస్తున్నాయి. ఒకదానికి పసుపు, ఇంకోదానికి ముదురు ఆకుపచ్చ. గూడు కదలగానే రెండూ నోళ్ళు తెరిచాయి. నేను వంగి చూశాను. అంగిట్లో చుక్కల్లేవు.

"తండ్రి పెట్టడంలేదా?" అని అడిగాను.

"పెడతాడు గానీ సగం పాటే పాడతాడు, సగం మేత పెడతాడు. మగోడు గదా" అన్నాడు. ఆ బాధలోనూ నవ్వాడు. "ఉడకబెట్టిన గుడ్డు సొన అగ్గిపుల్లతో పెడతాండా. రాత్రికి కప్పే తల్లి లేకపోతే యాడ బతుకుతాయి మా? ఇంగొగటి. ఈ పసుపు పెట్టలు మన ఎండకు గుడ్లు వొదిలేసి నీళ్ళ గిన్నెలో కూసుంటాయి. ఆకు రంగువే కదలకుండా పొదుగుతాయి. ఏండ్ల తరబడి ఎండకు నిలిచినవాటినే ఏరుకుంటా వచ్చినా. అవన్నీ పోతే నాకు ఈ సంతతి మల్లా రాదు."

అతను కావాలన్నది అదొక్కటే. కేసు గురించి ఒక్క మాట అడగలేదు. తల్లి వెనక్కి రావాలి, అంతే.

చర్మాలు ఒలిచే సన్న పట్టకారును వేడినీళ్ళతో కడిగి, దాంతో పిల్లలకు సొన పెట్టాను. బతికిన పిట్టకు ఆ పట్టకారు వాడటం అదే మొదటిసారి.

సారు వచ్చారు. నేను కాగితం విప్పి ఈక చూపించాను. తర్వాత డబ్బా చూపించాను. సారు ఈక చూశారు, గూడు చూశారు. ఒకే గూట్లో పసుపు పిల్ల, ఆకుపచ్చ పిల్ల. సంచీ కింద పెట్టడం కూడా మరిచి స్టూలు మీద కూర్చున్నారు.

"కెనరీ అంటే పసుపనుకున్నాను" అన్నారు. ఈకను వెలుగుకు పట్టుకుని, "చేతిలోకి తీసుకుని ఉంటే తెలిసేది. ఊది చూసి ఉంటే" అన్నారు.

దేవదానం ఆయన్ని ఏమీ అనలేదు. "అట్లయితే రాసియ్యండి సార్. పొయ్యి తెచ్చుకుంటా" అన్నాడు.

సారు ప్రిన్సిపాల్ గదికి పరుగులాంటి నడకతో వెళ్ళి రేంజరుకు ఫోను చేశారు. వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ మాకు కూడా అవతలి గొంతు వినిపించింది. "అయ్యో, నిన్న సాయంత్రమే ఇడిసిపెట్టేసినాం సార్! మీరే గదా అడివివని రాసినారు? భాకరాపేట పక్క, కొండ కింద. భలే ఎగిరినాయి సార్!"

కొండ కింద

రేంజరు చెడ్డవాడు కాదు. మధ్యాహ్నానికి జీపు తెచ్చాడు. సారు, దేవదానం, నేను వెళ్ళాం. పిల్లల డబ్బా నా ఒళ్ళో ఉంది. కొండ అడుగున బలుసు పొదలు, కంప. మండే ఎండ. నీళ్ళు ఆ దగ్గరలో లేవు.

దేవదానం పుంజు పంజరాన్ని ఒక రాయి మీద పెట్టి, పైన తువ్వాలు కప్పి, దూరంగా కూర్చున్నాడు. "వాడు పాడితే వొస్తాయి సార్. వాని గొంతు తెలుసు వాటికి."

పుంజు పాడలేదు. రేంజరు ఓపిక పట్టలేక, "ఏమప్పా, నీ భాగవతారు నోరు తెరవడే? కాఫీ కావాల్నా ఏంది?" అన్నాడు.

"మీ జీపు సప్పుడుకు బెదిరినాడు సార్. నాకే ఇంగా గుండెకాయ దడదడా అంటాంది" అన్నాడు దేవదానం.

చాలాసేపటికి పుంజు పాడింది. పెద్ద పాట. సన్నగా మొదలై గలగలా దొర్లుతూ పోయే పాట. అలాంటిది ఆ కొండ ఎప్పుడూ విని ఉండదు. అది ఆగిన తర్వాత పొదల్లోంచి ఒక చిన్న జవాబు వచ్చింది. ఒక్క పిలుపే. నా ఒళ్ళో డబ్బాలో పిల్లలు రెండూ కదిలాయి. దేవదానం మోకాళ్ళ మీద లేచి, నాలుక అంగిలికి కొట్టి మేత పెట్టేటప్పుడు చేసే చప్పుడు చేశాడు. "రా నాయనా, రా. ఈడుండారు నీ పిల్లోళ్ళు. రా."

పొద కదిలింది. ఆకుల మధ్య ఆకు రంగు పిట్ట, ఎక్కడుందో చూపు నిలవడం లేదు. అంతలో కొండ మీద నుంచి వడగాలి లేచి తువ్వాలు ఎగిరిపోయింది. పుంజు బెదిరి పంజరమంతా కొట్టుకుంది. తర్వాత పొద్దు పోయేదాకా కూర్చున్నాం. జవాబు మళ్ళీ రాలేదు.

మరునాడు సారు చిత్తూరు వెళ్ళి, తాను రాసింది తప్పని రాసిచ్చారు. ఆ వయసులో, ఆ పేరున్న మనిషి ఆ కాగితం మీద సంతకం చేయడం నాకు చాలా గొప్పగా అనిపించింది. కేసు పోయింది. "కేసు లేదు గదప్పా, ఇంగేంది?" అన్నాడట రేంజరు. ఆ మాటలో దురుద్దేశం లేదు. ఉద్యోగం కాగితంతో మొదలై కాగితంతో ముగుస్తుందని నమ్మిన మనిషి మాట అది. కొత్తగా చేరేవాళ్ళు అలా తయారు కాకూడదని నా కోరిక. పిట్టను పట్టుకొచ్చినప్పుడు అది ఎక్కడ దొరికిందో, ఏ గూట్లో ఉందో, పక్కన ఎవరున్నారో అడగండి. ఎవరి దగ్గరినుంచి తెచ్చారో ఆ మనిషిని ఒకసారి పిలిపించండి. మా గదిలో ఆ అలవాటు లేదు. పెంపుడు పిట్టలకు ఒక సొరుగున్నా సరిపోయేది. సారు తన దగ్గరున్న సొరుగుల్లోనే ఆ పిట్టను వెతికారు. లేని సొరుగులో వెతకాలని ఎవరికి తోస్తుంది?

దేవదానం మళ్ళీ వచ్చిన రోజు

షాపు మూసేసి, రోజూ బస్సెక్కి ఆ కొండ కిందికి వెళ్ళేవాడని తర్వాత తెలిసింది. వారం దాటాక మా గదికి వచ్చాడు. పంజరం లేదు. పట్టు రవిక గుడ్డ ముక్కలో చుట్టిన పిట్టను బల్ల మీద పెట్టాడు.

"పొద మొదట్లో పడుండాది సార్. పిల్లోళ్ళలో పసుపుది బతికింది. ఆకు రంగుది పాయ." పిట్టను మా వైపు జరిపి, "దీన్ని మీ పెట్లో పెట్టుకోండి. ఇంగొగరి పిట్ట వొచ్చినబ్బుడు సూసుకునేకి ఉంటాది" అన్నాడు.

సారు తల ఊపారు.

పిట్ట చెడిపోకముందే చేయాలి కాబట్టి అప్పుడే మొదలుపెట్టాను. చేతిలోకి తీసుకుని ఊదాను. నడుము మీద పసుపు మెరిసింది. పొట్ట కింద, గుడ్ల మీద కూర్చునే తల్లులకు ఈకలు రాలి బోసిపోయే చోటు, ఇంకా బోసిగానే ఉంది. గూట్లోంచి తీసుకెళ్ళిన తల్లి ఇదే. ఆ సంగతి నేను చెప్పలేదు. దేవదానానికి చూడగానే తెలిసే ఉంటుంది.

అతను వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి, కొలత టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చూస్తున్నాడు. చర్మం ఒలిచాక జీర్ణాశయం కోసి, ఏం తిన్నదో చూసి చీటీ మీద రాయాలి. అది పద్ధతి. కోసి తెల్లటి పళ్ళెంలో విప్పాను.

"మేత తినిందా సార్?" అని అడిగాడు దేవదానం. "కడుపులో ఏమన్నా ఉండాదా?"

నేను సారు వైపు చూశాను. ఆయన లేచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, పళ్ళెం మీదికి వంగారు. చాలాసేపు చూశారు. పళ్ళెం దేవదానానికి కనపడకుండా ఆయన భుజం అడ్డంగా ఉంది.

"ఉన్నాయి దేవదానం" అన్నారు. "గడ్డి గింజలు. బాగానే తినింది."

"ఎతుక్కోనుండాది అయితే" అన్నాడు దేవదానం. ముఖం తుడుచుకున్నాడు. "ఆకలితో పోలేదు గదా. ఎండదెబ్బే అయ్యుంటాది. పోనీలే మా. వొస్తా సార్."

అతను సైకిల్ స్టాండు దాటి గేటు వైపు మళ్ళేదాకా సారు కిటికీ దగ్గరే నిలబడ్డారు. తర్వాత వచ్చి, చీటీ నా ముందుకు జరిపి, పెన్ను మూత తీసి చేతికిచ్చారు.

"రాయమ్మా" అన్నారు. "జీర్ణాశయం, ఖాళీ."